బొమ్మ మీది బల్బు

గడప రాయి పగిలింది. మార్పిద్దామని కబురు పెడితే బండలు వేసే మనిషి వచ్చాడు. వాళ్లది ఆళ్లగడ్డ. కొలత తీసుకుంటూ తలెత్తి లోపలికి చూసి, "పట్టపగలు ఆ బల్బెందుకమ్మా ఎలిగించినారు?" అని అడిగాడు.

మా నడింట్లో గోడకు చిన్న గూడు ఉంది. గూట్లో మా చెల్లెలి బొమ్మ. అరచేయంత రాతిపలక మీద వేసింది. దాని పైన ఒక గుండు బల్బు, పసుపు వెలుగిచ్చే పాత రకం. మా అమ్మ ఆ గదిలో మేలుకుని ఉన్నంతసేపూ అది వెలుగుతూనే ఉంటుంది.

"బొమ్మ ఏసినాయన అట్ల చెప్పి పోయినాడు. మీ ఊరాయనే," అన్నాను.

అతను లోపలికి వచ్చి గూటి దగ్గర వంగి చూశాడు. "బల్బుల మామ చేసిందా! ఆయప్ప పాయ కదమ్మా. దినాలు గూడా అయిపాయ."

అమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆమె చేతులు ఆగాయి.

"ఆయన ఫొటో ఏమన్నా పెట్టినారా ఇంట్లో?" అని అడిగాను. ఏదో ఒకటి అడగాలని అడిగాను.

"స్టూడియోలో పెద్దది చేయించినారు."

"యాడ పెట్టినారు?"

"యాడో ఒకచోట పెట్టింటారు లేమ్మా," అని అతను టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు.

‘యాడో ఒకచోట’ అన్న ఆ మాట బల్బుల మామ చెవిన పడి ఉంటే, తన ఫొటోనైనా సరే గోడ మీద నుంచి దింపి చంకన పెట్టుకుని పోయేవాడు.

ఆయన గొప్ప చిత్రకారుడని రాస్తే అబద్ధమవుతుంది. ఆయన వేసిన ముక్కులన్నీ ఇంచుమించు ఒకటే ముక్కు. చెవులు అసలు వచ్చేవి కావు. అందుకని ఆడవాళ్ల బొమ్మల్లో జుట్టును చెవుల మీదికి దింపేవాడు, మగవాళ్ల బొమ్మలకు తలపాగానో మఫ్లరో చుట్టేవాడు. ఫొటోలో తలపాగా లేదు కదా అని ఎవరైనా అడిగితే, "మీ తాతకు చలి పెట్టదా ఏంది?" అనేవాడు. ఆయన పట్టుదల అంతా ఒకదాని మీదే. ఒంటి రంగు.

శిల్పుల ఇంట్లో పుట్టాడు. రాతి దుమ్ము ఛాతీకి పడలేదు. అన్నదమ్ములు ఉలి పట్టుకుంటే ఈయన కుంచె పట్టుకున్నాడు. బేతంచెర్లలో బండలు కోయగా మిగిలిన పలుచని ముక్కలు తెచ్చి, నున్నగా అరగదీసి, తెల్లపూత పూసి, వాటి మీద చిన్న చిన్న ముఖాలు వేసేవాడు. ఎక్కువగా పోయినవాళ్ల ముఖాలు.

ఎవరు వచ్చినా, చేతికిచ్చిన ఫొటో చూడకముందే ఒక మాట అడిగేవాడు.

"యాడ పెడతారు?"

"ముందు చెయ్యన్నా, యాడో ఒకచోట పెట్టుకుంటాం," అంటే ఫొటో తిరిగి ఇచ్చేసేవాడు. "యాడో ఒకచోటికి నేను బొమ్మ చెయ్యలేనప్పా."

ఆయన పద్ధతి అది. బొమ్మను ఏ వెలుగులో చూస్తారో ఆ వెలుగులోనే వెయ్యాలి. దేవుడి గూట్లో పెట్టేవాళ్లకు నూనె దీపం ముందు కూర్చుని వేసేవాడు. అంగడి గల్లాపెట్టె మీద పెట్టేవాళ్లకు ట్యూబులైటు కింద. సమాధి రాయిలో పొదిగేదయితే బల్ల వాకిట్లోకి, ఎండలోకి వచ్చేది. మహానందిలో అంగళ్ల వాళ్లు యాత్రికులకు అమ్మడానికి దేవుడి బొమ్మలు చేసిమ్మని అడిగారట. చెయ్యలేదు. "కొన్నోడు యాడికి ఎత్తుకపోతాడో ఎవరికి తెలుసు? ఆ బొమ్మకు నేను ఏ వెలుగు పెట్టేది?" అన్నాడు. ఇంట్లోవాళ్లు దానికి చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదని నాకు తర్వాత తెలిసింది.

ఆయన బల్ల నాకు బాగా గుర్తు. గోడ, బల్ల, పీట అన్నీ బూడిద రంగు. ఆయన చొక్కా కూడా అదే రంగు. ఎప్పుడు చూసినా అదే. పక్కన ఏ రంగు ఉంటే అది వెలుగుతో పాటు బొమ్మ మీద పడుతుందని ఆయన భయం. బల్బు ఎడమ పక్కన, కంటికి నేరుగా కొట్టకుండా, పలుచని కాగితం చుట్టి వేలాడేది. కుడిచేత్తో వేసేవాడికి కుడిపక్క బల్బు ఉంటే సొంత చేతి నీడే అడ్డం. ఆ నీడ మరీ నల్లబడకుండా కుడి పక్కన ఒక తెల్ల అట్ట నిలబెట్టేవాడు. రెండో బల్బు పెట్టుకోవచ్చు కదా అని అడిగాను ఒకసారి. "రెండు బల్బులు పెడితే ముక్కుకు రెండు నీడలు. ఏది నమ్మేది?" అన్నాడు. బల్బు వెలుగుకు బొమ్మ వేసేటప్పుడు కిటికీలన్నీ మూసేవాడు. మిట్టమధ్యాహ్నం, ఊరంతా ఎండలో ఉంటే, ఆయన తలుపులు మూసుకుని బల్బు కింద కూర్చునేవాడు. పిల్లలు బల్బుల మామ అనేది అందుకే.

సాయంత్రం మాత్రం కుంచె ముట్టేవాడు కాదు. చేలల్లో మోటార్లు వేస్తే కరెంటు దిగిపోయేది. బల్బు ఎర్రబడేది. "మోటార్లు ఏసినారు," అని కుంచెలు కడిగేసేవాడు. "ఇప్పుడు ఏస్తే పొద్దున్నే చూసేతలికి అందరికీ జరమొచ్చినట్లుంటాది."

మేము ఆయన దగ్గరికి వెళ్లింది తొంభైల్లో. మా చెల్లెలు నర్సు ట్రైనింగులో చేరిన ఏడాదే జ్వరం వచ్చి పోయింది. ఇంట్లో మిగిలిన ఫొటో ఒక్కటే, దరఖాస్తుకు తీయించిన నలుపు తెలుపు ఫొటో. అమ్మ దాన్ని చూడలేకపోయేది. "ఇందులో దానికి రంగు లేదు," అనేది. ఎవరో ఆళ్లగడ్డ ఆయన సంగతి చెప్పారు. నంద్యాల నుంచి బస్సెక్కి వెళ్లాం.

"యాడ పెడతారమ్మా?"

"ఇంట్లోనే నాయనా."

"ఇంట్లో అంటే? దేవుని గూట్లోనా?"

"మేం చర్చికి పోయేటోళ్లం. పటాలకు దండెయ్యం, దీపం పెట్టం."

ఆయన చేతిలోది కింద పెట్టాడు. "దీపం పెట్టరా? ఐతే ఆ పిల్ల మొగం ఏ వెలుగులో చూస్తారు?"

అమ్మ నా వైపు చూసింది. అలాంటి ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు.

"నడింట్లో బల్బు ఉండాదన్నా," అన్నాను.

"గోడకు ఏం రంగేసినారు?"

"సున్నమే. రవ్వంత నీలం కలిపినాం."

"నీలమా!" అన్నాడు, ఇంట్లో పాము ఉందని చెప్పినట్టు.

తర్వాత ఒక రోజు నంద్యాలకు వచ్చాడు. నడింట్లో నిలబడ్డాడు, కూర్చున్నాడు, కిటికీ మూశాడు, తెరిచాడు. పని కాకుండా కాఫీ తాగనన్నాడు. గది మధ్యలో వేలాడే బల్బును గూటి పైకి మార్పించాడు. గోడకు మళ్లీ తెల్ల సున్నం కొట్టమన్నాడు. మేము కొట్టించాం. ఎందుకు అన్నిటికీ ఒప్పుకున్నామో ఇప్పుడు చెప్పలేను. చెల్లెలి గురించి ఇంకా చెయ్యడానికి ఏదో పని మిగిలి ఉందని అనిపించి ఉంటుంది.

ఆ తర్వాత మళ్లీ ఆళ్లగడ్డ. ఆయన మా ఇంటి బల్బు లాంటి బల్బే బల్ల మీద పెట్టి, తలుపులు మూశాడు. నేను ఎర్ర చీర కట్టుకుని ఉన్నాను.

"టీచరమ్మా, నువ్వు ఆ మూలకు పోయి కూర్చో. నువ్వొచ్చినప్పట్నుంచి బొమ్మ సిగ్గుపడతాంది."

అమ్మ నవ్వింది. చెల్లెలు పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

రూపు అప్పటికే గీసి ఉంది. రంగే మిగిలింది. "చెప్పమ్మా, ఎట్లుండె బిడ్డ?" అన్నాడు. చామనచాయ అంది అమ్మ. ఆయన తల అడ్డంగా ఊపాడు. చామనచాయలు చాలా ఉన్నాయన్నాడు. అమ్మ ఎడమ చేయి తిప్పి, ముంజేతి లోపలి వైపు చూపించింది.

"ఇదో. ఈడ. ఇదే రంగు దానిది. పుట్టినప్పట్నుంచి మా అత్త అంటాండె, నీ చెయ్యి కోసి పిల్లను చేసినట్లుండాదని."

ఆయన ఆ చేతిని బల్బు కింద పెట్టించాడు. రంగు కలిపి, కుంచె కొనతో అమ్మ చేతి మీదే ఒక చుక్క పెట్టాడు. చుక్క కనిపించింది. తుడిచేసి మళ్లీ కలిపాడు. మళ్లీ చుక్క. చేతి మీద పెట్టిన చుక్క కనిపించకుండా పోవాలి. అప్పుడే అది ఆ రంగు. ఇద్దరూ ఆ చేతి మీదికి వంగి చూస్తూ, ఎక్కువయింది, తక్కువయింది అనుకుంటూ, పిండి తడుపుకునే ఇంటివాళ్లలా మాట్లాడుకున్నారు. చాలాసేపటికి ఒక చుక్క పెట్టాడు. నేను మూలన లేచి నిలబడి చూసినా ఎక్కడ పెట్టాడో కనిపించలేదు. పక్కనే ఇంకో రెండు పెట్టినా అవీ కనిపించలేదు.

"ఇదే," అంది అమ్మ. "ఇదే నాయనా."

పని అయ్యాక ఆమె చేయి కడుక్కోవడానికి వాకిట్లోకి వచ్చింది. ఎండలో, లోపల కనిపించని చుక్కలు కూడా ఆమె చేతి మీద బూడిద మరకల్లా కనిపించాయి. నేను చూశాను. తలుపు దగ్గర నిలబడి ఆయనా చూశాడు.

"బయట వేరే," అన్నాడు. "మీరు చూసేది లోపలే కదా."

చాలా ఏళ్లు ఆ మాట నిజంగానే ఉంది. బల్బు వేస్తే చెల్లెలు గూట్లో ఉండేది. ఒకసారి ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు చూసి, "ఇదేందమ్మా, దీపం పెట్టినారే," అన్నారు. "దీపం కాదయ్యా, కరెంటు," అంది అమ్మ.

ఆ మధ్యలో నంద్యాల బజారులో ఆళ్లగడ్డ ఆయన నాకు అప్పుడప్పుడూ కనిపించేవాడు. తను వేసిన బొమ్మలను చూసి రావడానికి తిరిగేవాడు. పిలవకపోయినా వెళ్లేవాడు. ఒక బట్టల అంగడిలో, ఇంట్లో బల్బుకని వేయించుకున్న తండ్రి బొమ్మను తెచ్చి ట్యూబులైటు కింద పెట్టారు. బేరాలు జరుగుతుంటే ఈయన మధ్యలో నిలబడి, "ఏమప్పా, మీ నాయన కామెర్లొచ్చి పోయినాడా ఏంది?" అన్నాడు. వాళ్లు బయటికి నెట్టినంత పని చేశారు. ఆయనతో ఉన్న కష్టం అదే. ఇచ్చేసిన బొమ్మ కూడా ఇంకా తనదే అనుకునేవాడు.

తర్వాత మెలికల బల్బులు వచ్చాయి. తెల్లటి వెలుగు, కరెంటు తక్కువ కాలుతుంది. వీధిలో అందరూ మార్చారు. మేమూ మార్చాం. ఆ సాయంత్రం అమ్మ గూటి ముందు నిలబడి, "పిల్ల మొగం ఎట్నో ఉండాది," అంది.

నిజమే. ముఖం బూడిద రంగుకు తిరిగింది. పెదవుల దగ్గర పచ్చదనం. అలవాటవుతుందేమో అన్నాను. అమ్మ గూటికి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు ఒక మాట అంది: "అది ఇట్లే ఉండెనేమో. నేనే మర్చిపోయినానేమో." అప్పుడు నేను ఆళ్లగడ్డకు కబురు పంపాను.

ఆయన వచ్చాడు. మనిషి తగ్గిపోయాడు. దగ్గు పెరిగింది. అదే బూడిద రంగు చొక్కా. గూటి ముందు నిలబడి చూశాడు. తర్వాత అమ్మను పిలిచి, చేయి బొమ్మ పక్కన పెట్టమన్నాడు. అమ్మ పెట్టింది. చేయి ఒక రంగు, ముఖం ఇంకో రంగు. కొత్త వెలుగు ఒక్కటే కారణం కాదు. ఆ చేయి కూడా అప్పటి చేయి కాదు. ముడతలు పడింది, మచ్చలు వచ్చాయి.

"సరిచెయ్యి నాయనా," అంది అమ్మ. "ఈ బల్బుకు తగ్గట్ల మళ్లీ రంగెయ్యి."

"ఏస్తా. రంగు చెప్పు."

"ముందు ఎట్లుండెనో అట్ల."

"ముందు ఉండింది బొమ్మ. నేనడుగుతాండేది బిడ్డ రంగు."

అమ్మ నోరు తెరిచింది. చేతి వైపు చూసుకుంది. మళ్లీ బొమ్మ వైపు చూసింది.

"అప్పుడు నీకు బిడ్డ గుర్తుండె," అన్నాడు ఆయన. "ఇప్పుడు నీకు నా బొమ్మ గుర్తుండాది."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను బదులు చెప్పగలిగేదాన్ని. ఆసుపత్రిలో రోగి పేరు చదివినట్టు అన్నాడు. అమ్మ వెళ్లి మంచం మీద కూర్చుంది. ఆయన సంచిలోంచి ఒక పాత గుండు బల్బు తీసి, పీట వేసుకుని ఎక్కి, మెలికల బల్బు తీసి దాన్ని బిగించాడు. స్విచ్ వేశాడు. ముఖం తిరిగి వచ్చింది.

"ఈ ఒక్కటి మార్చద్దండి," అని దిగాడు. కాఫీ ఇస్తే ఈసారి కూడా తాగలేదు.

బస్టాండు దాకా నేను తోడు వెళ్లాను. నిలదీయాలని వెళ్లాను. దారిలో ఆయనే మాట్లాడాడు. తను బొమ్మలిచ్చిన ఇళ్లకల్లా పోయి చూస్తున్నాడట. అందరూ బల్బులు మార్చారు. సంచి నిండా పాత బల్బులు మోసుకుపోయి ఇస్తున్నాడు. కొందరు తీసుకున్నారు. కొందరు నవ్వారు.

"ఒకామె ఏమన్నాదో తెల్సా? మాకు అలవాటైందిలేన్నా, మా ఆయన ఇప్పుడు ఇట్లే ఉంటాడు అన్నాది. అట్లయితే నేను ఏస్తిని దేనికి?"



"తప్పు నాదే టీచరమ్మా. ఇండ్లు మారవనుకుంటి. ఇల్లు మారినా ఇంట్లో బల్బు మారదనుకుంటి." కొంచెం దూరం నడిచాక దగ్గు ఆపుకుని మళ్లీ అన్నాడు: "ఆ పొద్దు మీ అమ్మ చేతి మీద చుక్కలు ఎండలో కనపడె. నువ్వూ చూస్తివి. మీ చెల్లెలు ఎండలో తిరిగిన పిల్ల కదా. నేను బల్బు కింద పిల్లను చేసి మీకిస్తి."

బస్సు వచ్చింది. ఆయన సంచిలో బల్బులు ఒకదానికొకటి తగలకుండా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ను నేను చూడడం అదే ఆఖరు.

ఆయన అన్న మాట మా ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మ బొమ్మను చూడడం ఎక్కువయింది. మేలుకున్నంతసేపూ బల్బు ఆర్పనిచ్చేది కాదు. చూస్తూ ఉంటే బిడ్డే గుర్తొస్తుందని అనుకుందేమో. కానీ చెల్లెలి గురించి ఏం చెప్పినా బొమ్మలో ఉన్నదే చెప్పేది. "అదెప్పుడూ జుట్టు చెవుల మీదికే దువ్వుకుంటాండె," అంది ఒకరోజు. చెల్లెలు ఎన్నడూ అలా దువ్వుకోలేదు. నూనె పెట్టి, వెనక్కి లాగి, గట్టిగా జడ వేసుకునేది. జుట్టు చెవుల మీదికి దింపింది ఆళ్లగడ్డ ఆయన. నేను అమ్మను సరిదిద్దలేదు. సరిదిద్దితే ఆమెకు ఏం మిగులుతుందో నాకు తెలియలేదు.

బండల మనిషి వెళ్లాక అమ్మ చాలాసేపు చిక్కుడుకాయల గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత, "బొమ్మ తీస్కరా. బయట చూస్తా," అంది.

"వద్దుమా. ఆయప్ప లోపల చూడమన్నాడు కదా."

"ఆయప్ప పాయ కదే. తీస్కరా."

ఇన్నేళ్లలో ఆ పలక గడప దాటలేదు. వాకిట్లో మెట్టు మీద అమ్మ పక్కన కూర్చుని, ఆమె ఒళ్లో పెట్టాను. పొద్దున ఎండ నేరుగా పడింది. ఆ వెలుగులో అది చెల్లెలు కాదు. తెల్లపూత మీద రంగు, కుంచె గీతలు, ఎవరి ముక్కో తెలియని ఒక ముక్కు. అమ్మ అలవాటుగా చేయి తిప్పి పక్కన పెట్టింది. తర్వాత నా చేయి లాగి పెట్టించింది. దేనికీ కలవలేదు. నాకు భయమేసింది. ఇది కూడా పోతే ఇక ఏమీ ఉండదు.

అమ్మ కళ్లు చిట్లించి బొమ్మ వైపు చూసింది. ఎండ వైపు చూసింది. జుట్టు దింపిన చోట వేలు పెట్టి రుద్దింది.

"చెవులు యావీ?" అంది.

నేను పలక జారకుండా అంచు పట్టుకున్నాను.

"పెద్ద చెవులు కదే దానివి. చేటల్లాగ. జడేసుకుని ఈడ, ఈ మెట్టు మీద, ఎండకు అడ్డం నిలబడితే ఎర్రగా కనపడతాండె. వెలుతురు అవతల్నుంచి ఇవతలికి వస్తాండె. నువ్వు ఎక్కిరిస్తాంటివి దాన్ని. ఏడుస్తాండె." ఆమె నా వైపు తిరిగింది. "ఎక్కిరిస్తాంటివి కదా?"

"ఆ మా. ఎక్కిరిస్తాంటి."

"ఆయప్పకు చెవులు రావు," అంది అమ్మ.

రంగు గురించి ఆమె ఏమీ చెప్పలేదు. ఆ రంగు ఇక ఆమెకు గుర్తు రాదనుకుంటాను. కొంచెంసేపయ్యాక పలకను పైటకొంగుతో తుడిచి నాకిచ్చింది. లోపలికి తీసుకెళ్లి గూట్లో పెట్టాను. అలవాటుగా చేయి స్విచ్ మీదికి పోయింది.

"ఇప్పుడెందుకే," అంది అమ్మ వాకిట్లోంచి. "పగలే కదా."